పావులూరి పద్యం, ఇరవై అంకెలు, ఒక నోటుబుక్కు

మొదటి రోజు

చిన్నప్పుడు సెలవులకు వెళ్తే మా మామయ్య మాకు ఒక పద్యం చదివి వినిపించేవారు. దానికి అర్థం అడిగితే "ఇది అర్థం కాదమ్మా, అంకె" అనేవారు. పదకొండో శతాబ్దంలో మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద ప్రచారంలో ఉన్న పద్యం అది. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడి గడికీ రెట్టిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలవుతాయో అందులో ఉంది. అంకెల్లో కాదు, మాటల్లో.

నేను పగలంతా అకౌంట్స్ పని చేస్తాను. కంప్యూటర్ కూడితే కూడినట్టు, తీసేస్తే తీసేసినట్టు. ఈ ఒక్క సంఖ్యనైనా చేత్తో పూర్తిగా తెలుసుకోవాలని ఎప్పటినుంచో ఉంది. అందుకే ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నాను. నియమం ఒక్కటే: జవాబు ఎక్కడా వెతకకూడదు. పద్యం నుంచి సంఖ్య తీయాలి, లెక్క కట్టి సరిచూడాలి, దాన్ని ఎన్ని ముక్కలు చేయొచ్చో చూడాలి.

మామయ్యకు ఫోన్ చేస్తే వాట్సాప్‌లో పద్యం చదివి పంపారు. విని రాసుకున్నాను. మాటల వరుస ఇది: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నాగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. మొత్తం 20 మాటలు.

వీటిని భూతసంఖ్యలంటారు. లోకంలో ఏది ఎన్ని ఉంటే దాని పేరు ఆ అంకె. చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి అన్నా చంద్ర అన్నా తుహినాంశు అన్నా 1. మన్మథుడి బాణాలు అయిదు కాబట్టి శర, సాయక 5. వేదాలు 4. అగ్నులు 3. తర్కాలు 6. భూధర, గిరి అంటే కొండ, 7. శరీరానికి నవరంధ్రాలు కాబట్టి రంధ్ర 9. ఆకాశం శూన్యం కాబట్టి వియత్, గగన 0. కుంజరం అంటే ఏనుగు, దిగ్గజాలు ఎనిమిది. పద్మజుడు బ్రహ్మ, ఆయన ముఖాలు నాలుగు. అబ్ధి దగ్గర కాసేపు ఆగాను. మనకు అలవాటైన లెక్కలో సముద్రాలు ఏడు కదా. కానీ భూతసంఖ్యల్లో సముద్రం అంటే, అబ్ధి అన్నా పయోనిధి అన్నా, నాలుగే.

మాటలు ఒకట్ల స్థానం నుంచి మొదలవుతాయి. "అంకానాం వామతో గతిః" అని సూత్రం, అంకెలు ఎడమ వైపుకు నడుస్తాయి. అంటే చివరి మాట తుహినాంశు మొదటి అంకె అవుతుంది. అలా తిరగేసి రాస్తే వచ్చింది:

18446744073809551615

రాత్రి పదకొండు అయింది. పెన్ను మూసి పడుకున్నాను.

రెండో రోజు

ఈ సంఖ్య నిజమేనా? 64 గళ్ళ మొత్తం అంటే 2 పవర్ 64 లోంచి ఒకటి తీసేయడమే. అయిదు గళ్ళతో చూస్తే తెలుస్తుంది: 1, 2, 4, 8, 16 కూడితే 31, ఆరో గడిలో ఉండాల్సిన 32 కంటే ఒకటి తక్కువ. పూర్తిగా గుణించే ముందు శేషాలతో ఒకసారి సరిచూద్దామనుకున్నాను.

అకౌంట్స్ చేసేవాళ్ళకు 9 బాగా తెలిసిన అంకె. ట్రయల్ బ్యాలెన్స్ కుదరనప్పుడు తేడా 9తో పోతే, ఎక్కడో రెండు అంకెలు అటుదిటు పడ్డాయని అనుమానిస్తాం. అదే 9ని ఇక్కడ వాడాను. రెండును రెట్టిస్తూ ఒక్కో ఫలితాన్నీ 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని వచ్చి మళ్ళీ 2 దగ్గర మొదలవుతాయి. ఆరింటికో చుట్టు. 64ని 6తో భాగిస్తే 4 మిగులుతుంది, వరుసలో నాలుగోది 7. అందులో ఒకటి తీస్తే 6. కాబట్టి అసలు సంఖ్యకు 9తో శేషం 6 రావాలి.

నేను రాసిన సంఖ్యలో అంకెలన్నీ కూడితే 88. ఎనిమిదీ ఎనిమిదీ 16, ఒకటీ ఆరూ 7.

టాలీ కాలేదు. నాకు నిజంగానే టెన్షన్ వచ్చింది. వెయ్యేళ్ళ నాటి పద్యం తప్పా, నేను తప్పా?

11తో చూశాను. రెండు రెట్టింపుల శేషాలు ఈసారి 2, 4, 8, 5, 10, 9, 7, 3, 6, 1, పదింటికో చుట్టు. 64కి నాలుగోది, అంటే 5. ఒకటి తీస్తే 4 రావాలి. 11తో శేషం తెలియాలంటే కుడి నుంచి బేసి స్థానాల అంకెలు ఒకవైపు, సరి స్థానాలవి ఒకవైపు కూడి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయాలి. నా సంఖ్యలో బేసి స్థానాల మొత్తం 63, సరి స్థానాల మొత్తం 25. తేడా 38, పదకొండు మూళ్ళు 33 పోతే 5.

రెండుచోట్లా సరిగ్గా ఒకటే ఎక్కువ. ఇక్కడ నాకు దారి దొరికింది. తప్పు ఒక్క అంకెలోనే ఉందనుకుంటే, అది సరి స్థానంలో ఉండే వీల్లేదు. సరి స్థానంలో ఒకటి పెరిగి ఉంటే 11 లెక్కలో ఒకటి తగ్గాలి. కాబట్టి బేసి స్థానంలో ఏదో ఒక అంకె ఒకటి ఎక్కువ పడింది. బేసి స్థానాల్లో ఉన్న మాటలు పది: శర, షట్క, మళ్ళీ శర, రంధ్ర, నాగ, భూధర, అబ్ధి, గిరి, పయోనిధి, కుంజర. ఒక్కోదాని మీదా పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటూ వెళ్ళాను. షట్క అంటేనే ఆరు, అది మారదు. బాణాలు అయిదే. నాగ దగ్గర అనుమానం వచ్చింది. నాగులు ఎనిమిది, అంకె సరైందే. మాటే సరైందా?

అదే రోజు రాత్రి

మామయ్యకు ఫోన్ చేశాను. ఆయన తెలుగు పండితులుగా రిటైరై చాలా ఏళ్ళయింది, గొంతు మాత్రం క్లాసులో ఉన్నట్టే ఉంటుంది.

"మామయ్యా, 'వియన్నగాగ్ని' అన్నచోట నేను నాగ అని విడదీశాను. తప్పు అక్కడే ఉందేమో అనిపిస్తోంది."

"గణాలు వేశావా తల్లీ?"

"లేదు."

"వెయ్యి. నేను లైన్లోనే ఉంటా."

స్పీకర్ పెట్టి నోటుబుక్కు తీశాను. పద్యం చంపకమాల. న జ భ జ జ జ ర, పాదానికి 21 అక్షరాలు. మొదటి పాదం "శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ" అని ఆగుతుంది, "ధర" రెండో పాదంలోకి వెళ్తుంది. శరశ, మూడు లఘువులు, న గణం. శిషట్క, మధ్యలో గురువు, జ గణం. చంద్రశ, భ గణం. రసాయ, కరంధ్ర, రెండూ జ గణాలే. ఆ తర్వాత వియన్న. 16వ అక్షరం వి లఘువు, 17వది య, దాని వెనక న్న ఉంది కాబట్టి గురువు, 18వది న్న. ఇది కూడా జ గణమే కావాలి. కాబట్టి 18వ అక్షరం లఘువై తీరాలి.

నాగ అయితే అక్కడ "న్నా" అని దీర్ఘం వస్తుంది. జ గణం చెడి య గణం అవుతుంది.

"దీర్ఘం పట్టదు మామయ్యా."

"పట్టదు కదా. అది నాగ కాదమ్మా, నగ. నగం అంటే కదలనిది, కొండ. కులపర్వతాలు ఏడు."

ఎనిమిది కొట్టేసి ఏడు రాశాను.

18446744073709551615

అంకెల మొత్తం 87, తొమ్మిదితో శేషం 6. బేసి స్థానాలు 62, సరి స్థానాలు 25, తేడా 37, పదకొండుతో శేషం 4. రెండూ సరిపోయాయి. ఒక్క దీర్ఘం పది కోట్ల గింజల తేడా తెచ్చింది.

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నేను రెండు శేషాలు పట్టుకుని పది మాటల దాకా వచ్చి ఆగిపోయాను. ఛందస్సు వేలు పెట్టి ఆ ఒక్క అక్షరాన్నే చూపించింది. చేతిరాతలో నకలు చేసేవాడు ఒక మాట మార్చినా, ఒక దీర్ఘం పెంచినా చాలాసార్లు గణం చెడుతుంది, వినేవాళ్ళ చెవికి వెంటనే తెలుస్తుంది. సంఖ్యను అంకెల్లో రాసి ఉంటే 7ను 8 చేసినా ఎవరికీ అనుమానం రాదు. ఇవాళ కంప్యూటర్లు పంపిన సమాచారం చెడిపోలేదని తెలుసుకోడానికి చెక్‌సమ్ జతచేస్తాయి. ఈ పద్యానికి ఆ పని గణాలే చేస్తున్నాయి.

నాలుగో రోజు

గుణకారం. శేషాలు సరిపోయినంత మాత్రాన సంఖ్య మొత్తం సరైనట్టు కాదు, పూర్తిగా కట్టాల్సిందే. 64 సార్లు రెట్టించక్కర్లేదు, వర్గాలు చేసుకుంటూ పోతే చాలు. 2 పవర్ 8 అంటే 256, దాని వర్గం 65536, దాని వర్గం 4294967296. ఇది 2 పవర్ 32. ఇంకొక్క వర్గం చేస్తే అయిపోతుంది.

పది అంకెల సంఖ్యను రెండు ముక్కలు చేశాను: 42949, 67296.

మొదటి ముక్క వర్గం: 43000 లోంచి 51 తక్కువ అనుకుంటే తేలిక. 1844616601.
రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు: 5780591808.
రెండో ముక్క వర్గం: 67300 లోంచి 4 తక్కువ. 4528751616.

మొదటిదానికి పది సున్నాలు, రెండోదానికి అయిదు సున్నాలు చేర్చి, మూడూ ఒకదాని కింద ఒకటి వేసి కూడాను. గళ్ళ కాగితం మీద రాయడం మంచిదైంది, అంకెలు పక్కకు జరగలేదు. 18446744073709551616. ఒకటి తీస్తే చివరి 6 కాస్తా 5 అవుతుంది. పద్యం చెప్పిన 20 అంకెలూ వరుసగా వచ్చాయి.

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చెప్పాలంటే సుమారు లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు.

కుతూహలం కొద్దీ ఫోన్ కాలిక్యులేటర్‌లో 2 పవర్ 64 కొట్టాను. 1.8446744073709552 పక్కన ఈ19 అని చూపించి ఆగింది. ఎక్సెల్‌లో వేస్తే 18446744073709600000 వచ్చింది. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత సున్నాలు పెట్టేస్తుంది. 20 అంకెలూ పూర్తిగా ఉన్నది పద్యంలోనే, నా నోటుబుక్కులోనే. తమాషా ఏమిటంటే ప్రాసెసర్‌కు ఈ సంఖ్య పరాయిది కాదు. 64 బిట్లూ ఒకట్లతో నిండితే వచ్చేది ఇదే, ప్లస్, మైనస్ గుర్తు లేని 64 బిట్ల పూర్ణసంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది.

ఇంకో సంగతి అంకెలు లెక్కపెడుతుంటే కనిపించింది. నాలుగులు నాలుగు. ఒకట్లు, అయిదులు, ఏడులు మూడేసి. సున్నాలు, ఆరులు రెండేసి. మూడు, ఎనిమిది, తొమ్మిది ఒక్కోటి. రెండు మాత్రం లేదు. రెండును రెట్టిస్తూ రెట్టిస్తూ వచ్చిన సంఖ్యలో రెండే లేదు! పద్యంలో కూడా నేత్రం, కరం, పక్షం లాంటి, రెండును చెప్పే మాటలేవీ కనిపించవు.

కవి చేసిన ఎంపిక కూడా అప్పుడే చూశాను. నాలుగు నాలుగులకు నాలుగు వేర్వేరు మాటలు: అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య. మూడు ఒకట్లకు చంద్రుడి మూడు పేర్లు. మూడు ఏడులకు కొండ మూడు పేర్లు: నగ, భూధర, గిరి. రెండోసారి వచ్చిన మాట శర ఒక్కటే.

ఆదివారం

మావాడు ఎనిమిదో క్లాసు. గింజలు లెక్కపెట్టే పని వాడికి అప్పగించాను. పళ్ళెంలో సోనామసూరి బియ్యం పోసుకుని పదేసి కుప్పలు పెట్టాడు. వెయ్యి గింజలు వంటింటి కాటా మీద 11 గ్రాములు తూగాయి.

"అమ్మా, సగం పలకకు ఎంత అవుతుంది?" అని అడిగాడు.

మొదటి 32 గళ్ళ మొత్తం 4294967295 గింజలు. మా కాటా లెక్కన 47 టన్నుల పైచిలుకు. లారీల్లో వేసుకుపోవచ్చు. మొత్తం పలకకు 20,300 కోట్ల టన్నులు వచ్చింది. మన దేశంలో 2023-24లో పండిన బియ్యం దాదాపు 14 కోట్ల టన్నులు, ఆ లెక్కన 1450 ఏళ్ళ పంట.

వాడు మళ్ళీ అడిగాడు, "సగం పలక లారీల్లో పడితే, ఇంకో సగమే కదమ్మా, అంత ఎందుకవుతుంది?" ఆ ప్రశ్న వారం రోజుల పని పెట్టింది. రెండో సగంలో మొదటి గడి, అంటే 33వ గడి, మొదటి సగంలోని మొదటి గడికి 4294967296 రెట్లు. రెండో గడి రెండో గడికి అన్నే రెట్లు. అన్ని గళ్ళూ అంతే. కాబట్టి మొత్తం పలక అంటే మొదటి సగం ఒకసారి, దానికి 4294967296 రెట్లు ఇంకోసారి. అంటే 4294967295 ఇంటూ 4294967297. వాడడిగిన దాంట్లోంచే కారణాంకాలు ఊడి వచ్చాయి.

మళ్ళీ సగం చేద్దాం. 32 గళ్ళు అంటే 65535 ఇంటూ 65537. 16 గళ్ళు అంటే 255 ఇంటూ 257. ఎనిమిది గళ్ళ ఒక వరుస అంటే 15 ఇంటూ 17. నాలుగు గళ్ళు 3 ఇంటూ 5. పలకను మడత పెట్టుకుంటూ వెళ్తే చివరికి మిగిలేవి: 3, 5, 17, 257, 65537, 4294967297. మావాడు కాగితం మీద గళ్ళు గీసి నిజంగానే మడతలు పెట్టాడు. ఆ కాగితం నోటుబుక్కులో అంటించాను.

ఎనిమిదో రోజు

ఈ ఆరు సంఖ్యలూ గణితంలో పేరున్నవి. ఫ్రాన్స్‌కు చెందిన పియరీ ఫెర్మా 1640లో వీటిని గమనించి, ఈ రకం సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని నమ్మాడు. 3, 5, 17, 257 ప్రధానాలే. 65537కి కొంచెం పని పడింది. 4294967297 దగ్గర ఆయన నమ్మకం తప్పింది. 1732లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఆయిలర్, అది 641తో నిశ్శేషంగా పోతుందని చూపించాడు.

641ని ఎలా పట్టుకోవాలి? వరుసగా ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించుకుంటూ పోతే వందకు పైగా భాగహారాలు చేయాలి. ఇక్కడ రెండో రోజు చూసిన చుట్టే పనికొచ్చింది. ఏదైనా ప్రధాన సంఖ్య 4294967297ను భాగిస్తే, దానితో రెండు రెట్టింపుల శేషాలు తీసినప్పుడు 32వ అడుగులో "ఒకటి తక్కువ" దగ్గరికి, 64వ అడుగులో ఒకటి దగ్గరికి వస్తాయి. అంటే చుట్టు పొడవు సరిగ్గా 64. ఏ ప్రధాన సంఖ్యకైనా ఈ చుట్టు పొడవు, ఆ సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే వచ్చేదాన్ని నిశ్శేషంగా భాగించాలి. 11కి చుట్టు పది కావడం అందుకే కుదిరింది. ఈ సూత్రం కూడా ఫెర్మాదే. ఆయన ఊహను కాదన్నది ఆయన సూత్రమే. కాబట్టి మనం వెతికే సంఖ్య 64 గుణిజానికి ఒకటి ఎక్కువ కావాలి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధానాలు అయిదే. అయిదోది 641.

భాగహారం వేశాను. 4294లో ఆరుసార్లు, 448 మిగిలింది. 9 దించితే 4489, ఏడుసార్లు, 2 మిగిలింది. ఆ తర్వాత రెండు సున్నాలు. 2672లో నాలుగు, 1089లో ఒకటి, మళ్ళీ 448 మిగిలింది. చివరి 7 దించితే 4487. ఏడు 641లు సరిగ్గా 4487. కింద సున్నా పడింది. 6700417.

ఆ సున్నా పక్కన తేదీ వేసుకున్నాను.

641లో ఇంకో అందం ఉంది. అది 5 ఇంటూ 128కి ఒకటి ఎక్కువ, అలాగే 625కి 16 కలిపినా అదే. ఈ రెండూ పక్కపక్కన పెడితే పెద్ద భాగహారం లేకుండానే తేలుతుంది. 641తో శేషాల్లో 5 ఇంటూ 2 పవర్ 7 అంటే మైనస్ ఒకటి. దాన్ని నాలుగుసార్లు గుణిస్తే 625 ఇంటూ 2 పవర్ 28, అది ఒకటి అవుతుంది. 625 స్థానంలో మైనస్ 16 పెడితే, మైనస్ 2 పవర్ 32 సమానం ఒకటి. అంటే 2 పవర్ 32కి ఒకటి కలిపితే 641తో పోతుంది. మూడు లైన్లు. ఆ పేజీ చింపి ఫ్రిజ్ మీద అంటించాను.

పదో రోజు

మిగిలిన అనుమానం 6700417. ఇది ఇంకా విడిపోతుందా? దాని వర్గమూలం 2588కి, 2589కి మధ్య ఉంది, అంతవరకు చూస్తే చాలు. 641 కోసం వాడిన 64 గుణిజాల నియమాన్ని 1878లో ఎడ్వర్డ్ లూకాస్ ఇంకా బిగించాడు: 64 కాదు, 128 గుణిజానికి ఒకటి ఎక్కువ ఉండాలి. 2588 లోపల అలాంటివి 20 ఉన్నాయి, వాటిలో ప్రధానాలు అయిదే: 257, 641, 769, 1153, 1409. అయిదు భాగహారాలు చేశాను, శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు. 6700417 ప్రధాన సంఖ్యే. 65537కి 32 గుణిజానికి ఒకటి ఎక్కువైన ప్రధానాలు చూస్తే చాలు, రెండు భాగహారాలతో తేలింది: 97తో శేషం 62, 193తో 110.

కాబట్టి పావులూరి సంఖ్య పూర్తిగా విడిపోయింది:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధానాలు, ఏదీ రెండుసార్లు రాలేదు. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదలొచ్చు, కాబట్టి భాజకాలు రెండు ఇంటూ రెండు అలా ఏడుసార్లు, 128. ఆ సంఖ్యతో సహా భాజకాలన్నీ కూడితే దానికి సుమారు 1.70 రెట్లు వస్తుంది, రెండు రెట్లు అందుకోదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మొదటి సగం గురించిన సంగతి. 4294967295 కంటే చిన్న సంఖ్యల్లో దానితో ఒకటి తప్ప వేరే ఉమ్మడి భాజకం లేనివి ఎన్ని? దాని ప్రధాన కారణాంకాలు ఒక్కోదాంట్లోంచి ఒకటి తీసి గుణించాలి: 2, 4, 16, 256, 65536. అన్నీ రెండు పవర్లే. లబ్ధం 2147483648. అది 32వ గడిలో ఉన్న గింజల సంఖ్య! మొదటి సగంలో మొత్తం ఎన్ని గింజలో అంతవరకు అంకెలు రాసుకుంటూ పోతే, ఆ మొత్తంతో ఏ ఉమ్మడి భాజకమూ లేనివి సరిగ్గా ఆఖరి గడిలో ఉన్నన్ని. మావాడికి 15తో చేసి చూపించాను: 1, 2, 4, 7, 8, 11, 13, 14, మొత్తం ఎనిమిది. నాలుగో గడిలో ఎనిమిది గింజలు.

ఈ గుణం వల్లనే ఆ అయిదు ప్రధానాలకు జ్యామితిలోనూ చోటుంది. 1796లో గౌస్, ఇరవై ఏళ్ళు నిండకముందే, 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చని నిరూపించాడు. ఇలా గీయగలిగిన బేసి భుజాల బహుభుజుల్లో ఇప్పటికి తెలిసినవన్నీ మన సగం పలక సంఖ్యకు భాజకాలే, ఒకటిని వదిలేస్తే 31.

పదమూడో రోజు

మామయ్యకు ఏడు కారణాంకాలూ చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మల్లన సంఖ్యకు పద్యం ఉంది. నువ్వు విడగొట్టినవాటికి ఎవరు రాస్తారు?" అన్నారు.

6700417తో మొదలుపెట్టాను. ఒకట్ల నుంచి 7, 1, 4, 0, 0, 7, 6. మొదట వచ్చింది "గిరి శశి వేద శూన్య గగనాచల తర్క". గణాలు వేస్తే న జ భ జ జ, కుదిరాయి. సంతోషంగా ఫోన్ చేశాను.

"గణాలు బాగున్నాయి. పదకొండో అక్షరం చూడమ్మా."

'నా' ఉంది. గగన, అచల కలిసినచోటు. అక్కడ సంధి జరిగింది కాబట్టి యతికి అచలలోని 'అ' లెక్కకొస్తుంది. పాదం మొదట్లో గి ఉంది. కలవదు.

"అయితే అకారంతో మొదలుపెట్టాలి మామయ్యా."

"కొండకు అకారంతో పేరు లేదా?"

ఆయన అడిగేలోపే తట్టింది. అచల. ఆ మాటను ముందుకు తెస్తే వెనకవన్నీ మార్చాల్సి వచ్చింది. శశిని శశాంక చేశాను, రెండో సున్నాకు అభ్రం, చివరి ఏడు, ఆరులకు నగ, అంగ. వేదాంగాలు ఆరు కదా. మూడు రోజులకు ఒక పాదం నిలబడింది:

అచల శశాంక వేద గగనాభ్ర నగాంగ మితంబుగాఁ దగున్

న జ భ జ జ జ ర, 21 అక్షరాలు. పదకొండో అక్షరం దగ్గర గగన, అభ్ర కలిశాయి, మొదటి అకారానికి అక్కడి అకారంతో యతి కుదిరింది. నేను తప్పు చదివిన నగ ఇందులో ఏడుగా, తన చోట ఉంది. తిరగేసి చదివితే 6700417.

ప్రాస 'చ' పడింది కాబట్టి మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరం చకారమే కావాలి. 641కి శశి, వేద, తర్క అన్న మాటలున్నాయి, చకారం ఇంకా దొరకలేదు. మామయ్య ఆదివారం దాకా గడువిచ్చారు.